పదిహేను అక్షరాల్లో పట్టని ఊరు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు అడిగినప్పుడు మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కథలు, కవితలు రాసే అలవాటు మాకు లేదు. మేం రాసేదల్లా ప్రోగ్రాములే. "అయితే వాటి గురించే రాయుండ్రి అన్నా" అన్నారు వాళ్లు. అంటూనే ఒక నోట్‌బుక్ కాగితం చేతిలో పెట్టారు. కొత్త ల్యాబ్‌లో కంప్యూటర్లకు పెట్టబోయే పేర్ల పట్టిక అది. "ఇవి నడుస్తయో లేదో జర చూసి చెప్పుండ్రి" అన్నారు.

ఆ కాగితం చూడగానే రాయడానికి విషయం దొరికింది. కంప్యూటర్‌కు ఏ పేరు చెల్లుతుంది, ఏది చెల్లదు, ఆ సంగతి ప్రోగ్రాం రాసేవాడు ఎలా తేల్చాలి అన్నదే ఆ విషయం. వినడానికి చాలా చిన్నది. కానీ దీని మీద మేం మూడు నాలుగుసార్లు దెబ్బతిన్నాం. ఒకసారి మా వల్ల ఇంకొక మనిషి దెబ్బతిన్నాడు. అది చెప్పుకోవాలనే ఈ వ్యాసం.

2004లో మేం కౌకూర్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న రోజుల్లో, ఏదో ఆఫీసులో పక్కన పెట్టేసిన ఎనిమిది కంప్యూటర్లు మన హాస్టల్‌కు వచ్చాయి. అప్పటిదాకా స్టడీ అవర్‌కు వాడే చిన్న గదిలో ముందు వరుసలో నాలుగు, వెనక వరుసలో నాలుగు సర్దాం. విండోస్ ఎక్స్‌పీ ఎక్కించి, మధ్యలో ఒక హబ్బు పెట్టి, అన్నిటినీ వైర్లతో కలిపాం. ఇక పేర్లు పెట్టాలి. సినిమా హీరోల పేర్లు పెడదామన్నారు కొందరు. అలా చేస్తే ల్యాబ్ రెండు పార్టీలై రోజూ పంచాయితీ అవుతుందని వార్డెన్ సార్ ఒప్పుకోలేదు. చివరికి చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఖాయం చేశాం. కౌకూర్, బొల్లారం, శామీర్‌పేట, గుండ్లపోచంపల్లి. ముందు వరుస వాటికి చివర 1, వెనక వరుస వాటికి చివర 2.

కౌకూర్ దగ్గరే మొదటి తగాదా వచ్చింది. మన ఊరి పేరు ఇంగ్లీషులో ఒక్కో బోర్డు మీద ఒక్కో తీరుగా ఉంటుందని మీకు తెలిసిందే. ఒకచోట చివర 'యు', ఒకచోట రెండు 'ఓ'లు, ఇంకోచోట మొదట్లో 'ఓ' బదులు 'ఎ'. ఏది రాసినా మనం చదివేది కౌకూర్ అనే. కంప్యూటర్‌కు మాత్రం అవి మూడు వేర్వేరు పేర్లు. పెద్ద అక్షరాల్లో రాసినా చిన్న అక్షరాల్లో రాసినా ఒకటే పేరుగా లెక్కిస్తుంది కానీ, స్పెల్లింగు మారితే ఊరుకోదు.

అసలు తంటా గుండ్లపోచంపల్లి దగ్గర వచ్చింది. ఆ ఊరి పేరు ఇంగ్లీషులో రాస్తే 17 అక్షరాలు. విండోస్‌లో పాత పద్ధతి పేరుకు 15 అక్షరాలే చోటు. పేరు కత్తిరిస్తున్నానని అది ముందే చెప్పింది. మేం చదవకుండా ఓకే నొక్కేశాం. చివరి రెండు అక్షరాలు పోయాయి, వాటి వెనక ఉన్న 1, 2 అంకెలూ పోయాయి. రెండు కంప్యూటర్లూ 'గుండ్లపోచంపల్' అనే ఒకే పేరుతో మిగిలాయి. ఇదే పేరుతో నెట్‌వర్క్‌లో ఇంకొకటి ఉందని రెండోదాని తెర మీద మాటిమాటికీ హెచ్చరిక. మన ఏకైక ప్రింటరు దానికే తగిలించి ఉంది. అవి స్కాలర్‌షిప్ ఫారాలు నింపే రోజులు. మూడు సాయంత్రాలు ప్రింటు రాలేదు. తప్పు ప్రింటరుదనుకుని దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించాం. తిట్లన్నీ ఆ ప్రింటరే తిన్నది.

15 అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1983లో సైటెక్ అనే కంపెనీ ఐబీఎం కోసం నెట్‌బయోస్ అనే ఏర్పాటు చేసింది. అందులో పేరుకు 16 బైట్ల చోటు. విండోస్ దాన్ని తీసుకుని, పదహారో బైటును ఆ కంప్యూటర్ ఏ సేవ అందిస్తోందో చెప్పే గుర్తుకు ఉంచుకుంది. పేరుకు మిగిలింది 15. అప్పుడెప్పుడో ఎవరో వేసిన లెక్క వచ్చి కౌకూర్‌లో మా స్కాలర్‌షిప్ ఫారాలను ఆపింది. అన్నట్టు 2016లో ఏర్పడిన మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా పేరు కూడా ఆ 15లో పట్టదు. నమ్మకపోతే లెక్కపెట్టి చూడండి.

ఇక ఇంటర్నెట్ పేర్ల సంగతి వేరు. మొదట్లో అమెరికాలో నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటి పేర్లూ ఒకే ఒక్క ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ అనే సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆమె నడిపిన విభాగం ఆ ఫైలును చూసుకునేది. కొత్త కంప్యూటర్ వస్తే వాళ్లకు చెప్పి పేరు ఎక్కించుకోవాలి. వార్డెన్ సార్ టేబుల్ మీద హాజరు రిజిస్టర్ లాంటిదన్నమాట. ఆ పేర్లు ఎలా ఉండాలో 1985లో ఆర్‌ఎఫ్‌సి 952 అనే పత్రంలో రాశారు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్, భాగాల మధ్య చుక్క. ఖాళీ ఉండకూడదు. మొదటిది అక్షరమే కావాలి. చివర హైఫన్ గానీ చుక్క గానీ రాకూడదు. మొత్తం 24కు మించకూడదు.

కంప్యూటర్లు పెరిగేసరికి ఒక్క రిజిస్టర్ చాలలేదు. పాల్ మొకపెట్రిస్ అనే ఆయన 1983లో డొమైన్ నేమ్ సిస్టమ్‌ను రూపొందించాడు. 1987లో వచ్చిన దాని పత్రాల ప్రకారం చుక్కకూ చుక్కకూ మధ్య ఉండే ఒక్కో భాగం 63 దాకా ఉండొచ్చు. ఈ 63 ఏమిటి, 60 కాకుండా, 64 కాకుండా? ప్రతి భాగం ముందూ దాని పొడవు చెప్పే ఒక బైటు ఉంటుంది. అందులో ఎనిమిది బిట్లు. రెండింటిని వేరే పనికి పక్కన పెట్టారు. మిగిలిన ఆరు బిట్లతో లెక్కపెట్టగలిగే పెద్ద సంఖ్య 63. అంతే. మొత్తం పేరు 255 బైట్లు. అయితే ఆ పొడవు చెప్పే బైట్లు కూడా అందులోనే కలుస్తాయి కాబట్టి మనం రాసే పేరుకు నిజంగా దక్కేవి 253. ఇది తెలియక 255 అని రాసుకున్న ప్రోగ్రాములు మేమే రెండు చూశాం. అందులో ఒకటి మేం రాసిందే.

ఇంకో రెండేళ్లకు, 1989లో, ఆర్‌ఎఫ్‌సి 1123 వచ్చింది. మొదటిది అక్షరమే కానక్కర్లేదు, అంకె కూడా రావచ్చు అని పాత నియమాన్ని సడలించింది. ఈ ఒక్క వాక్యం మేం చదవలేదు. మా కథంతా అక్కడే ఉంది.

2008లో మేం ముగ్గురం అమీర్‌పేటలో ఒక చిన్న కంపెనీలో చేరాం. ఒక ఆఫీసుకు కంప్యూటర్ల జాబితా నమోదు చేసే సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. అందులో పేర్లు సరిచూసే భాగం మాకిచ్చారు. గుండ్లపోచంపల్లి దెబ్బ తిన్నవాళ్లం కదా, ఈసారి గట్టిగా చేయాలనుకున్నాం. జిరాక్స్ కాగితాల్లో దొరికిన 1985 నాటి నియమాలు ముందు పెట్టుకుని అక్షరం పొల్లు పోకుండా రాశాం. మొదటిది అంకె అయితే 'చెల్లని పేరు' అని ఎర్ర అక్షరాల్లో చూపించి, ముందుకు పోనివ్వకుండా ఆపాం.

ఆ ఆఫీసువాళ్లు కంప్యూటర్ పేరు ముందు అంతస్తు నంబరు పెట్టుకునేవాళ్లట. ఒకటో అంతస్తువి 1తో, మూడో అంతస్తువి 3తో మొదలవుతాయి. ఆ సంగతి మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం అక్కడి డేటా ఎంట్రీ ఆపరేటర్ ఫోన్ చేశాడు. కాంట్రాక్టు కుర్రాడు. "సార్, పేరు చెల్లదని వస్తోంది. నేను కరెక్టుగానే కొడుతున్నా సార్" అన్నాడు. "చూసుకుని కొట్టు బాబూ, మేం అన్నీ టెస్ట్ చేశాం" అని పెట్టేశాం. నిజంగానే టెస్ట్ చేశాం. దేనితో? కౌకూర్1, బొల్లారం2 లాంటి పేర్లతో. మాకు తెలిసిన పేర్లతో.

సోమవారం మా సీనియర్ ఒకరు చూసి 1989 నాటి సవరణ సంగతి చెప్పారు. మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ కుర్రాడు శని, ఆదివారాలు కూడా వచ్చి కూర్చున్నాడని, ఒక్కో పేరును నాలుగు రకాలుగా కొట్టి చూశాడని, చెప్పిన గడువుకు పని కాలేదని అతని కాంట్రాక్టరు రెండు రోజుల జీతం పట్టుకున్నాడని మాకు నెల తర్వాత తెలిసింది. అప్పటికే అతను అక్కడ మానేశాడు. పేరు కూడా అడిగి పెట్టుకోలేదు మేం.

ఎందుకింత చెబుతున్నామంటే, మా ముగ్గురిలో ఒకడి పదో తరగతి మెమోలో పేరు ఒక్క అక్షరం తప్పు పడింది. కుల ధ్రువీకరణ పత్రంలో సరిగ్గా ఉంది. స్కాలర్‌షిప్ కోసం బ్యాంకు ఖాతా తెరవడానికి వెళితే రెండూ సరిపోవడం లేదన్నారు. కౌంటర్ నుంచి కౌంటర్‌కు, ఆఫీసు నుంచి ఆఫీసుకు ఆరు నెలలు తిరిగాడు. తిరిగినన్నాళ్లూ వాడన్నది ఒకటే మాట: "నా పేరు నాకు తెల్వదా సార్?" రాత్రి హాస్టల్‌కు వచ్చి, చల్లారిన అన్నం ముందు కూర్చుని వాడు ఆ మాట అంటుంటే మేం ఇద్దరం విన్నాం. ఆ ఆపరేటర్ ఫోన్‌లో అన్నదీ అదే మాట. కాకపోతే ఈసారి కౌంటర్‌కు ఇవతల మేం ఉన్నాం. గుర్తుపట్టలేదు.

అంకెలతో పేరేమిటి అని మీకూ అనిపించవచ్చు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన అంబులెన్సును మనం ఏమని పిలుస్తున్నాం? 108 అనే కదా. "నూటెనిమిదికి ఫోన్ చెయ్యి" అంటారు ఊళ్లో. అది అంకె కాదు, పేరే అయిపోయింది. ఆ సంస్థ ప్రధాన కేంద్రం మనకు దగ్గర్లోనే దేవరయాంజాల్‌లో ఉంది.

ఆపరేటర్ సంగతి తెలిశాక మాకు కోపం వచ్చింది, మా మీద మాకే. ఆ కోపంలో ఇంకో తప్పు చేశాం. సరిచూసే భాగాన్ని మొత్తంగా తీసేశాం. ఎవరు ఏ పేరు కొట్టినా తీసుకోనీ, పేరు పెట్టుకున్నవాడికి తెలియదా అన్నాం. నెల తిరగకముందే ఫలితం కనిపించింది. ఒక స్టోర్‌రూంలో కంప్యూటర్‌కు మధ్యలో అండర్‌స్కోర్ గీతతో పేరు పెట్టారు. విండోస్ దానికి అభ్యంతరం చెప్పలేదు. మా ప్రోగ్రాం జావాలో ఉంది. జావాలో చిరునామాను విడగొట్టి చెప్పే యూఆర్‌ఐ అనే క్లాసు ఉంది. అండర్‌స్కోర్ ఉన్న పేరు ఇస్తే అది తప్పని చెప్పదు, అరవదు. హోస్ట్ పేరు ఏమిటని అడిగితే ఏమీ లేదంటుంది. శూన్యం! ఆ శూన్యం ఎక్కడి నుంచి వస్తోందో వెతకడానికి మాకు మూడు రోజులు పట్టింది. అండర్‌స్కోర్‌ను కంప్యూటర్ పేర్లలో వద్దన్నారు కాబట్టే, 2000లో వచ్చిన ఒక నియమంలో సేవల పేర్ల ముందు దాన్ని కావాలని పెట్టారు. అసలైన కంప్యూటర్ పేరుతో ఎప్పటికీ కలిసిపోదని వాళ్ల ధైర్యం.

దానికన్నా భయపెట్టింది ఇంకొకటి. మా సాఫ్ట్‌వేర్‌లో పేరు పక్కన ఒక బటన్ ఉండేది. నొక్కితే ఆ కంప్యూటర్ పలుకుతోందా లేదా అని పింగ్ చేసి చూపిస్తుంది. లోపల మేం చేసింది, పింగ్ అనే కమాండ్ పక్కన ఆ పేరును అతికించి సర్వర్‌కు ఇవ్వడం. మా సీనియర్ వచ్చి పేరు పెట్టెలో ఒక పేరు, దాని పక్కన సెమీకోలన్, ఆ తర్వాత తేదీ చూపించే కమాండ్ కొట్టారు. తెర మీద ఆ రోజు తేదీ వచ్చింది. "తేదీ కాబట్టి సరిపోయింది. ఫైళ్లన్నీ తుడిచేసే కమాండ్ కొడితే?" అన్నారు. మాకు చెమటలు పట్టాయి. హైఫన్ మొదట్లో రాకూడదనే నియమంలోనూ ఇలాంటి లాభమే ఉంది. హైఫన్‌తో మొదలైన మాటను చాలా కమాండ్లు పేరుగా చూడవు, తమకిచ్చిన ఆదేశంగా తీసుకుంటాయి.

అంటే కాపలా ఉండాల్సిందే. కానీ కాపలావాడి దగ్గర ఇప్పటి నియమం ఉండాలి, పాతదీ కాదు, వాడి సొంతదీ కాదు. పైగా వాడు పేరును చూసి ఫలానా చోట ఫలానా అక్షరం కుదరదని చెప్పాలి. ఉత్త 'చెల్లదు' అంటే అవతలి మనిషి ఏం చేస్తాడు? ఇప్పుడు మేం రాసే ప్రోగ్రాముల్లో ఆ ఎర్ర అక్షరాల మాట ఎక్కడా లేదు. 'మూడో స్థానంలో ఉన్న గుర్తు పేరులో రాకూడదు' అని ఉంటుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. పేరు సరిగ్గా రాసి ఉండడం వేరు, ఆ పేరుతో కంప్యూటర్ ఉండడం వేరు. రిజిస్టర్‌లో పేరు ఉన్నంత మాత్రాన మనిషి మెస్‌లో ఉన్నట్టు కాదని హాస్టల్‌వాళ్లకు వేరే చెప్పాలా? కొందరు ప్రోగ్రామర్లు పేరు సరైనదా కాదా అని తెలుసుకోవడానికి నెట్‌వర్క్‌ను అడిగి చూస్తారు. ఆ కంప్యూటర్ ఆపేసి ఉంటే పేరే తప్పంటారు. సెలవుకు ఊరెళ్లిన కుర్రాడి పేరు కొట్టేసినట్టుంటుంది.

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడేలా చేసింది మాత్రం మన తెలుగే. పేరు చివరి భాగం, అంటే 'కామ్', 'ఇన్' లాంటిది, రెండు నుంచి నాలుగు ఇంగ్లీషు అక్షరాలే ఉండాలని మేం చాలాకాలం రాస్తూ వచ్చాం. మేం చూసినవన్నీ అలాగే ఉండేవి మరి. 'మ్యూజియం' అనే ఆరక్షరాల చివరి భాగం 2001 నుంచే ఉంది. చివరి భాగం పొడవు ఇంతే అనుకుని మంచి పేర్లను తిప్పికొట్టకండని జాన్ క్లెన్సిన్ అనే ఆయన 2004లోనే ఆర్‌ఎఫ్‌సి 3696లో హెచ్చరించాడు. మేం 2004లో ప్రింటరు తుడుస్తున్నాం కదా, ఎక్కడ చదువుతాం!

2011లో మన దేశానికి దేశభాషల్లో చివరి భాగాలు వచ్చాయి. తెలుగు లిపిలో 'భారత్' అని కూడా. ఆ పేరును ఒకరోజు మా ప్రోగ్రాంకే ఇచ్చి చూశాం. చెల్లని పేరు అన్నది. మేం తెలుగు మీడియంలో చదువుకుని, తెలుగులో తిట్లు తిని, తెలుగులో ఏడ్చినవాళ్లం. మా చేత్తో రాసిన ప్రోగ్రాం తెలుగును గడప దగ్గరే ఆపింది.

ఇది లోపల ఎలా నడుస్తుందంటే, తెలుగు పేరును పాత నియమాలకు సరిపోయే ఇంగ్లీషు అక్షరాల్లోకీ అంకెల్లోకీ మారుస్తారు. ఆ పద్ధతి పేరు ప్యూనీకోడ్, 2003లో వచ్చింది. అలా మారినదని తెలియడానికి ముందు 'ఎక్స్ ఎన్' అని, పక్కన రెండు హైఫన్లు పెడతారు. మన 'భారత్' అలా మారితే మొత్తం 13 గుర్తులవుతుంది, మధ్యలో అంకెలు కూడా వస్తాయి. నాలుగక్షరాల గడపలో అది ఎలా పడుతుంది? పైగా 63 అనే హద్దు ఇలా మార్చిన రూపానికి వర్తిస్తుంది, మన కంటికి కనిపించే తెలుగుకు కాదు. 'కౌకూర్' అంటే మనకు మూడక్షరాలు. కంప్యూటర్ లెక్కలో గుణింతాలు, పొల్లు విడివిడిగా కలిపి ఆరు.

ఇంకో చిత్రం కూడా ఉంది. 'హాస్టల్', 'కౌకూర్' కలిపి ఒకే మాటగా రాయండి. ల కింద క ఒత్తు చేరి 'హాస్టల్కౌకూర్' అవుతుంది. అలా చేరకుండా 'హాస్టల్‌కౌకూర్' అని విడిగా కనిపించాలంటే పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. 2003 నాటి నియమాలు ఆ గుర్తును చప్పుడు చేయకుండా తీసేసేవి. 2010లో వచ్చిన కొత్త నియమాలు, పొల్లు తర్వాత వస్తే దాన్ని ఉంచవచ్చన్నాయి. కనిపించని గుర్తుకు కూడా ఎక్కడ ఉండొచ్చో, ఎక్కడ ఉండకూడదో ఎవరో కూర్చుని ఆలోచించారు. మేం రాసిన నాలుగు వరుసల కోడ్‌లో అంత ఓపిక లేదు.

సరే, తమ్ముళ్ల కాగితం దగ్గరికి వద్దాం. 'హాస్టల్' పక్కన అండర్‌స్కోర్ పెట్టి 1, 2, 3 అని రాశారు. గీతను పైకి జరిపి హైఫన్ చేయండి. 'మెస్' ముందు హైఫన్ ఎందుకు పెట్టారో అర్థం కాలేదు, తీసేయండి. ఉత్త '108' అని ఒకటి ఉంది. అంకెతో మొదలవడం తప్పు కాదని ఇప్పుడే చెప్పాం, కానీ మొత్తం అంకెలే అయితే విండోస్ ఒప్పుకోదు. పింగ్‌కు 108 అని ఇస్తే అది పేరనుకోదు, నాలుగు భాగాల చిరునామాలో మొదటి మూడూ సున్నాలు, చివరిది 108 అనుకుని ఎటో పోతుంది. వెనక ఒక అక్షరం తగిలించండి. 'వార్డెన్ సార్' అని మధ్యలో ఖాళీతో రాసినది నడవదు. ఖాళీ తీసేసి కలిపి రాయండి, మర్యాద ఎక్కడికీ పోదు. గుండ్లపోచంపల్లిని మళ్లీ పెట్టారు, అదీ రెండుసార్లు! మా పాత పట్టిక ఎక్కడో దొరికినట్టుంది. మొదటి భాగాన్ని ఒకే అక్షరంగా కుదించి, పోచంపల్లి అని రాసి, 1, 2 తగిలించండి. పదమూడుతో సరిపోతుంది.

మిగతావన్నీ నడుస్తాయి. కౌకూర్ స్పెల్లింగ్ మాత్రం మీలో మీరే తేల్చుకోండి. మేం ముగ్గురం ఇప్పటికీ మూడు రకాలుగా రాస్తున్నాం.